చుక్కాని షాఫ్టుకి ఆవకాయ జబ్బు

విజయవాడ ఆటోనగర్లో వెల్డింగ్ షెడ్డు నడుపుకునే నా పాత స్టూడెంటు పోయిన వారం ఫోన్ చేశాడు. నిజాంపట్నం నుంచి ఒకాయన ఫైబర్ బోటుకి కొత్త చుక్కాని చేయించుకోవడానికి వచ్చాడట. "మాస్టారూ, స్టీలు వెయ్యమంటారా, స్టెయిన్‌లెస్ వెయ్యమంటారా?"

మన ఇళ్ళలో స్టీలంటేనే స్టెయిన్‌లెస్. స్టీలు గ్లాసు, స్టీలు బిందె. ఆటోనగర్లో మామూలు ఉక్కు ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్), మెరిసేది ఎస్సెస్ (స్టెయిన్‌లెస్ స్టీల్). "ఎస్సెస్ గట్టిది కదండీ" అన్నాడు. కాదు. మామూలు ఎమ్మెస్ 250 మెగాపాస్కల్స్ ఒత్తిడి దాకా ఒంగిపోకుండా నిలబడుతుంది. 304 గ్రేడు ఎస్సెస్‌కి కనీస లెక్క 205. అదే సైజు కడ్డీ వేస్తే ముందు ఒంగేది మెరిసేదే. అంచేత బలం సంగతి పక్కన పెట్టి తుప్పు సంగతి చూద్దాం. నాకు సరదా ఉన్నదీ అక్కడే.

ఉక్కులో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటే దాని ఒంటిమీద క్రోమియం ఆక్సైడ్ పొర కడుతుంది. మందం రెండు మూడు నానోమీటర్లు. తలవెంట్రుక మందంలో ఇరవై ముప్పై వేల వంతు! గీత పడినా, పీచు పెట్టి తోమినా, ఆక్సిజన్ తగలగానే మళ్ళీ అల్లుకుంటుంది. ఆక్సిజన్ తగలాలి, అదీ షరతు. 'తుప్పు పట్టని ఉక్కు' అని బిట్టు ప్రశ్నకి జవాబు రాయించి మార్కు వేశానే గానీ, ఈ షరతు నేనూ ఏ క్లాసులోనూ చెప్పలేదు.

మా అమ్మకి తెలుసు. ఇంటినిండా స్టీలు డబ్బాలున్నా ఆవకాయ మాత్రం జాడీలోనే పెట్టేది. స్టీలు డబ్బాలో పెడితే ఏమవుతుందో ఆలోచించండి. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరని పొడుస్తుంది. మామిడికాయ పులుపు దాన్ని కరిగిస్తుంది. పైన తేలే నూనె గాలి ఆపేస్తుంది కాబట్టి కరిగిన పొర మళ్ళీ కట్టుకోలేదు. ఉప్పు, పులుపు, ఊపిరాడకపోవడం. మూడూ కలిస్తే ఎంత మెరిసే స్టీలుకైనా గండమే.

చుక్కాని షాఫ్టు, అంటే చుక్కాని పలకని తిప్పే కడ్డీ, బోటులోకి వెళ్ళేచోట అది ఆనుకుని తిరిగే గొట్టం, బుష్, ఉంటుంది. దానిపైన నీళ్ళు లోపలికి రాకుండా కుక్కే గ్లాండు ప్యాకింగు. షాఫ్టుకీ బుష్‌కీ మధ్య సందులో నీళ్ళు నిలిచిపోతాయి. అందులో ఉన్న కాస్త ఆక్సిజన్ కొన్నాళ్ళకి అయిపోతుంది. బయట షాఫ్టు సుబ్బరంగా ఊపిరి పీల్చుకుంటూ కాథోడ్ (కరగని వైపు) అవుతుంది, సందులోది ఆనోడ్ (కరిగే వైపు). లోపల ఇనుము, క్రోమియం అయాన్లు కరిగి ధనావేశం పెరుగుతుంటే, దాన్ని సరిచేయడానికి క్లోరైడ్ బయటనుంచి లోపలికి నడుచుకుంటూ వస్తుంది. సముద్రపు నీళ్ళలో లీటరుకి 19 గ్రాముల క్లోరైడ్, కొరతేం లేదు. ఆ క్రోమియం క్లోరైడ్ నీటితో కలిసి హైడ్రాక్సైడుగా మారుతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. సందులో పీహెచ్ 2, 3 దాకా పడిపోవచ్చు, అంటే నిమ్మరసమంత పులుపు. ఆవకాయలో మామిడికాయ మనం వేస్తాం. ఇక్కడ ఎవరూ వెయ్యరు, లోహం తన పులుపు తనే ఊరబెట్టుకుంటుంది! ఆ పులుపు ఇంకాస్త లోహాన్ని కరిగిస్తుంది, అది ఇంకాస్త క్లోరైడ్‌ని పిలుస్తుంది.

షెడ్డుకి వెళ్ళి ఆ బోటు పాత షాఫ్టు చూశాను. ఎస్సెస్సే. అంతా తళతళలాడుతోంది. బుష్ కూర్చున్న బెత్తెడు మేర మాత్రం ఆవగింజలంత గోధుమరంగు చుక్కలు. ఒకదాంట్లో గుండుసూది పెడితే పావంగుళం దిగింది. పైన చిన్న చుక్క, లోపల గుహ. ఎమ్మెస్ ఇలా మోసం చెయ్యదు. ఏడాదికి రమారమి పదోవంతు మిల్లీమీటరు చొప్పున అరుగుతూ, పెచ్చులూడుతూ, కంటికి కనబడుతుంది.

316 గ్రేడు ఎస్సెస్ వేస్తే? అందులో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది కనక రోగం ఆలస్యమవుతుంది, రాకపోదు. వెల్డింగుంటే కార్బన్ 0.03 శాతం మించని 316ఎల్ తీసుకోవాలి. లేకపోతే అతుకు పక్కన క్రోమియం కార్బన్‌తో జతకట్టి పొరకి మిగలదు. అయస్కాంతం అంటకపోతే అసలైన సరుకనే నమ్మకం ఒకటుంది. నికెల్ తగ్గించి మాంగనీస్ వేసిన చౌకరకం 200 సిరీస్‌కీ అంటదు. దిష్టి నిమ్మకాయ మీద నమ్మకం కంటే ఇది పెద్ద మేలేం కాదు.

ప్రకాశం బ్యారేజీకి పైన మంచినీళ్ళలో తిరిగే బోటైతే 304 కూడా చాలు. సముద్రానికి మొత్తం ఎమ్మెస్సే వెయ్యమన్నాను. షాఫ్టు ఒక సైజు పెద్దది, బుష్‌లో గ్రీజు, పలకకి జింకు దిమ్మలు. ఉక్కు బదులు జింకు కరుగుతుంది. (మంచినీళ్ళలో జింకు మొద్దుబారుతుంది, మెగ్నీషియం కావాలి.) ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం, బోటు ఒడ్డునే ఉంటుంది. అప్పుడు షాఫ్టు ఊడదీసి చూసుకోవచ్చు.

పాత షాఫ్టు తలకాయ దగ్గర కూడా గోధుమరంగు గీత ఒకటి గుండ్రంగా ఉంది. దసరాకి నిమ్మకాయ గుచ్చి కట్టిన పసుపుతాడు మచ్చ. ఉప్పునీళ్ళు పీల్చుకున్న తాడు కింద కూడా ఊపిరాడదు మరి. ఈసారి చెక్క పిడికి కట్టుకోండి అన్నాను. ఎమ్మెస్‌కి వెంటనే సరేనన్న బోటాయన, తాడు సంగతి మాత్రం ఇంట్లో అమ్మనడిగి చెప్తానన్నాడు.