పట్టా ఎక్కడుంది తాతయ్యా?

బనశంకరి,
బెంగళూరు.

చిరంజీవి మేఘనకు తాతయ్య ఆశీస్సులు. ఉత్తరం నీ పేరున రాస్తున్నా గానీ, చింటూ నీ భుజం మీంచి తొంగి చూస్తాడని తెలుసు. కాబట్టి వాడికి కూడా.

2025 మే నెలలో సెలవులకి వచ్చినప్పుడు నువ్వొక ప్రశ్న అడిగావు, గుర్తుందా? నేను కన్నడ పేపరు చదువుతున్నాను. కొడగు వైపున్న నాగరహొళె అడవిలోకి 52 జేనుకురుబ గిరిజన కుటుంబాలు తిరిగొచ్చి గుడిసెలు వేసుకుంటున్నాయని, అటవీశాఖ వాళ్ళు బయటికి వెళ్ళమంటున్నారని వార్త. "మా తాతముత్తాతలు ఇక్కడే బతికారు, వాళ్ళ సమాధులు ఇక్కడే ఉన్నాయి, మా దేవుళ్ళు ఇక్కడే ఉన్నారు అంటున్నారమ్మా" అని నీకు చెప్పాను. నువ్వు దోసె ముక్క నోట్లో పెట్టుకుంటూ "అయితే పట్టా చూపించొచ్చుగా తాతయ్యా, గొడవెందుకు?" అన్నావు. పెద్దయ్యాక తెలుస్తుందిలే అన్నాను. చెయ్యి కడుక్కోడానికి లేస్తూ "అంటే నీకూ తెలీదన్నమాట" అని గొణిగావు. వినపడింది. నా చెవులు ఇంకా బాగానే ఉన్నాయి.

తెలీక కాదు. ఆ జవాబులో మా ఇంటి సంగతి ఒకటి ఉంది, దానికి జంకాను. అది తర్వాత. ముందు మీ అమ్మమ్మ వంటింటితో మొదలుపెడతాను.

మన ఫ్లాటు కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నాయి? మీ మామయ్య పేరు మీద. నెలనెలా బ్యాంకుకి కట్టేదీ వాడే. అందులో అమ్మమ్మ సంతకం ఎక్కడా లేదు. అయినా వంటిల్లు ఎవరిది అని అడిగితే నువ్వేం చెప్తావు? కరెంటు పోయినప్పుడు చూశావుగా, చీకట్లో చెయ్యి చాపితే జీలకర్రే వస్తుంది, ఆవాలు రావు. ఏ డబ్బా మూత బిగుసుకుంటుందో, వానాకాలంలో ఏ మూలనుంచి చీమలొస్తాయో, బియ్యంలో వేపాకు ఎప్పుడు మార్చాలో ఆవిడకే తెలుసు. ఒక్క డబ్బా మీదా పేరు రాసి ఉండదు.

మూడేళ్ళ కిందట మామయ్య వంటిల్లు బాగుచేయిస్తానని అమ్మమ్మని రెండు నెలలు మీ ఇంటికి పంపాడు. వారానికి రెండుసార్లు గారెలు తిన్నారు మీరు. వాడి ఉద్దేశం మంచిదే, ఆవిడకి నడుం నొప్పి అని. తిరిగొచ్చేసరికి వంటిల్లంతా తెల్లటి అరలు, డబ్బాలకి ఇంగ్లీషు చీటీలు. "అమ్మా, అరలు నువ్వు తియ్యకు, గీతలు పడతాయి. ఏం కావాలో చెప్తే పనమ్మాయి తీసిస్తుంది" అన్నాడు. ఆవిడ తన వంటింట్లో తనే చుట్టమైపోయింది. మూడో వారానికి బియ్యం పురుగు పట్టింది. వేపాకు సంగతి ఏ చీటీ మీదా లేదు మరి. ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే పోపులపెట్టె పాత చోటికి వచ్చేసింది, దాని పక్కన పీట వేసుకుని అమ్మమ్మ కూర్చుంది. "ఇదేంటమ్మా, ధర్నానా?" అన్నాడు మామయ్య. "ధర్నా ఏంట్రా, కూర్చున్నాను. ఇది నేను కూర్చునే చోటు" అంది. పొయ్యి వెలిగించనివ్వలేదు. ఆ పూట ముగ్గురం ఇడ్లీలు కొనుక్కు తిన్నాం.

ఇప్పుడు నాగరహొళె వార్త మళ్ళీ తలుచుకో.

జేను అంటే కన్నడలో తేనె. జేనుకురుబలు తేనె తీసేవాళ్ళు. వాళ్ళ పల్లెని హాడి అంటారు. నాగరహొళెని 1955లో అభయారణ్యం చేశారు, తర్వాత జాతీయ పార్కు అన్నారు, 1999లో పులుల రిజర్వులో చేర్చారు. ఇప్పుడు ఆ పార్కు 643 చదరపు కిలోమీటర్లు. అడవికి కొత్త పేరు పెట్టినప్పుడల్లా లోపలివాళ్ళు కొందరు బయటికి జరగాల్సి వచ్చింది. చాలామంది కొడగు కాఫీ తోటల్లో కూలికి కుదిరి, తోట యజమాని ఇచ్చిన లైను ఇళ్ళల్లో ఉండిపోయారు. తమాషా ఏంటంటే 1990ల్లో అదే అడవిలో ఒక హోటలు పెట్టబోయారు. గుడిసె ఉంటే తప్పూ, హోటలు ఉంటే ఒప్పూనా అని గిరిజనులే కోర్టుకి వెళ్ళారు. 1997లో కర్ణాటక హైకోర్టు హోటలు కుదరదంది. అమ్మమ్మ చెయ్యి తగిలితే అరలకి గీతలు పడతాయని చెప్పి, ఆ అరల్లో పక్కింటివాళ్ళ సామాను పెట్టించినట్టు!

వేపాకు సంగతికి వస్తాను. బెంగళూరుకి దక్షిణాన చామరాజనగర జిల్లాలో బిళిగిరి రంగన కొండలున్నాయి. అక్కడ సోలిగలనే గిరిజనులుంటారు. వాళ్ళు పూర్వం ఎండాకాలం మొదట్లోనే, రాలిన ఆకులు పల్చగా ఉన్నప్పుడే, నేలమీద చిన్న మంట పెట్టేవాళ్ళు. తరగు బెంకి అంటారు దాన్ని, ఎండుటాకుల మంట అని. ఆకులు కాలతాయి, చెట్టు కాలదు. తర్వాత పచ్చగడ్డి వస్తుంది. 1974లో ఆ కొండల్ని అభయారణ్యం చేశారు. సోలిగల్ని అడవి లోపలినుంచి తెచ్చి కాలనీల్లో పెట్టారు, మంటలు ఆపించారు. అడవికి నిప్పు పెట్టకూడదు అంటే ఎవరు కాదంటారు? నేనైనా ఔననే అందును. కానీ లాంటానా అని ఒక ముళ్ళకంప ఉంది, పసుపూ ఎరుపూ కలిసిన చిన్న పూలగుత్తులతో ముద్దుగా ఉంటుంది, తెల్లదొరలు తోటల్లో అందానికని తెచ్చింది. అది అడవంతా కమ్మేసింది. ఆ చిన్న మంటలే దాన్ని అదుపులో ఉంచేవని సోలిగ పెద్దలు చెబుతూనే ఉన్నారు. బియ్యం పురుగు పట్టాక గానీ వేపాకు గుర్తుకు రాలేదు మనకి. చివరికి 2011లో, పులుల రిజర్వులోనే అయినా, ఆ అడవి మీద సోలిగలకి సామూహిక హక్కు పత్రాలిచ్చారు. తేనె తియ్యొచ్చు, ఉసిరికాయలు ఏరుకోవచ్చు, తమ దేవుళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చు.

చింటూ ఈపాటికి "మరి పులులో?" అనే ఉంటాడు. ఇక్కడ నా వంటింటి పోలిక పనికిరాదురా, మన వంటింట్లో ఉన్నది పిల్లి. అటవీశాఖలో పులి కోసం ప్రాణం పెట్టే మనుషులున్నారు, వాళ్ళని విలన్లని అనుకోవద్దు. అడవి వదిలి వస్తే కుటుంబానికి 15 లక్షలిచ్చే పథకం ఉంది. బడి దగ్గర, ఆసుపత్రి దగ్గర అని ఇష్టపడి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఇష్టపడి అన్నది ముఖ్యం. వాళ్ళు ఒప్పుకుంటేనే కదపాలని చట్టం కూడా అంటుంది. నాకు తోచిందొకటే. పులి ఉన్న రోజుల్లో వీళ్ళూ అక్కడ ఉన్నారు. పులి తగ్గిపోయిన రోజుల్లో తుపాకులు పట్టుకుని షికారుకి వెళ్ళినవాళ్ళు వీళ్ళు కాదు.

సరే, మా ఇంటి సంగతి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, 1960. మా మేనమామకి పాడేరు ఏజెన్సీలో చింతపండు, పసుపు వ్యాపారం. వేసవిలో నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. సంతరోజు పొద్దున్నే కొండలమీంచి మనుషులు బారులు తీరి దిగేవాళ్ళు. అడ్డాకుల కట్టలు, కుంకుడుకాయలు, కొండచీపుళ్ళు, కావిళ్ళలో పనసకాయలు. పనసతొనల వాసన ఇప్పటికీ నన్ను అక్కడికే లాక్కెళుతుంది. మా మేనమామ వాళ్ళకి ఉప్పు, ఎండుచేపలు, బట్టలు అప్పుమీద ఇచ్చి పద్దు రాసుకునేవాడు. రాయడం ఆయనొక్కడికే వచ్చు. చదివి ఇదేమిటని అడగడం అవతలివాళ్ళెవరికీ రాదు. అప్పు ఏటికేడాది పెరిగేది, పంట మొత్తం తెచ్చిపోసినా.

ఒకరోజు ఒక కొండదొర తాత వచ్చాడు. ఏదో కాగితం సిద్ధంగా ఉంది. నా పని ఇంకు డబ్బా పట్టుకోవడం. తాత బొటనవేలు నేనే పట్టుకుని ఒత్తించాను. దున్ని దున్ని వేలు చెక్కలా అయిపోయింది, ఇంకు అంటలేదు. రెండోసారి ఒత్తించాను. "బాగా పట్టావురా" అని మా మేనమామ నాకు బెల్లం ముక్క పెట్టాడు. తిన్నాను.

అది పొలం కాగితం. ఏజెన్సీలో గిరిజనుల భూమి అధికారుల అనుమతి లేకుండా బయటివాళ్ళు తీసుకోకూడదని 1917లోనే చట్టముంది. 1959లో ఇంకా గట్టిది వచ్చింది. ఆ కాగితం మీద వేసిన తేదీ ఆ రోజుది కాదని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 1970లో ఆ చట్టాన్ని ఇంకా బిగించారు. వన్ ఆఫ్ సెవెంటీ అంటారు, ఆ వైపు ఎవరినడిగినా చెబుతారు. దాని ప్రకారం ఏజెన్సీలో బయటివాడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే లెక్క. కాదని రుజువు చేసుకోవలసినవాడు బయటివాడు. నువ్వడిగిన ప్రశ్నని తీసుకెళ్ళి మా మేనమామ ముందు పెట్టారన్నమాట. ఆయన కొన్నాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగాడు. ఆ పొలం ఆ తాత పిల్లలకి చేరిందా అని నేను అడగలేదు. ఉద్యోగం, బెంగళూరు, మీ అమ్మ చదువు. అడగలేదమ్మా, అంతే.

కాబట్టి పట్టా ఎక్కడుంది అంటే, నాకు తెలిసిన ఒక పట్టా మాత్రం మా మేనమామ ఇనప్పెట్టెలో ఉండేది.

ఈ సంగతి దేశానికీ తెలియకపోలేదు. 2006లో అటవీ హక్కుల చట్టం చేశారు. దాని నిబంధనల్లో రుజువు అంటే ఏమిటో ఒక పట్టీ ఉంది, అది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. సర్కారు కాగితాలు సరే. పాత బావి రుజువట. శ్మశానం రుజువట. దేవుడి చోటు, వంశావళి, చివరికి ఊళ్ళో ముసలివాళ్ళు చెప్పిన మాట రాసిపెడితే అదీ రుజువేనట. ఒడిశాలో నియమగిరి మీద బాక్సైటు తవ్వాలా వద్దా అన్నప్పుడు కూడా, ఆ కొండ మీ దేవుడా కాదా మీరే తేల్చండి అని 2013లో సుప్రీంకోర్టు అక్కడి గ్రామసభలకే వదిలింది. పన్నెండు ఊళ్ళు కూర్చున్నాయి. పన్నెండూ వద్దన్నాయి. నాగరహొళె వాళ్ళు అడుగుతున్నదీ ఈ 2006 చట్టం కిందే. రాసినంత తేలిగ్గా జరగదు, అర్జీలు ఏళ్ళ తరబడి నలుగుతాయి, తిరస్కరించినవీ ఎక్కువే. ఇదంతా విడమరిచి చెప్పడం నావల్ల కాదు, నీకూ నిద్రొస్తుంది.

కానీ ఒక్కటి చెప్పాలి. ఆ 52 కుటుంబాలూ తిరిగి వెళ్ళిన చోటి పేరు కరడికల్లు అత్తూరు కొల్లి. కరడి అంటే ఎలుగుబంటి, కల్లు అంటే రాయి. పేపర్లో అది చదవగానే కాఫీ కింద పెట్టేశాను. నువ్వు గమనించలేదు.

ఆ రోజు వేలిముద్ర అయ్యాక, ఇంకు కడుక్కోడానికి తాత గెడ్డ దగ్గరికి, అంటే కొండవాగు దగ్గరికి, వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. ఇసకతో వేలు రుద్దుకుంటూ, అవతలి గట్టున ఉన్న పొలం చూపించి "ఎలుగు మెట్ట" అన్నాడు. పనసలు పండే రోజుల్లో ఎలుగుబంటి అక్కడికే వస్తుందట, వాళ్ళ నాన్న కాలం నుంచీ వస్తోందట. నేను భయపడితే నవ్వాడు. మా మేనమామ కాగితంలో తూర్పున గెడ్డ, పడమట గుట్ట అని హద్దులే ఉన్నాయి, ఎలుగు మెట్ట అన్న మాటే లేదు. మన మెజెస్టిక్ బస్టాండు చోట ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు ఉండేదని చెబితే నువ్వు నమ్మలేదు చూడు, అలాంటిదే. ఎలుగు మెట్ట అన్న పేరు మన ఇంట్లో ఇన్నాళ్ళూ నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు నీకూ చింటూకీ.

దసరాకి రండి. మామయ్యకి చెప్పి బిళిగిరి కొండలకి వెళ్దాం. అక్కడ దొడ్డ సంపిగె అని మహావృక్షం ఉంది, మొదట్లో లింగాలు నిలబెట్టి సోలిగలు పూజ చేస్తారు. దాని వయసు ఎంత అని నన్నడగొద్దు, దాని ముందు నిలబడి చూడు.

ఇంకోటి. మీరొచ్చినప్పుడు ఒక రాత్రయినా కరెంటు పోకుండా ఉండదు. అప్పుడు ఫోను లైటు వెయ్యొద్దు. వంటింటి గుమ్మంలో చప్పుడు చెయ్యకుండా నిలబడి, అమ్మమ్మని మెంతులు అడగండి.

ఆశీస్సులతో,
తాతయ్య