ఒత్తు దగ్గర ఆగిన పిల్లవాడు: కొన్ని అపోహలు, వాస్తవాలు

వరంగల్ దగ్గర ఒక మండలంలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే భవిత కేంద్రంలో పనిచేస్తాను. మమ్మల్ని ఐఈఆర్‌పీలు (ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ రిసోర్స్ పర్సన్లు) అంటారు. కొన్ని రోజులు కేంద్రంలో, కొన్ని రోజులు బడుల్లో, కదలలేని పిల్లలుంటే వాళ్ల ఇంట్లో పాఠం. ఎక్కడికి పోయినా వినిపించే మాటలు మాత్రం ఇవే.

అపోహ: "మా పోరనికి చదువు రాదు మేడమ్, మందబుద్ధి."

ఆ మాట అన్న నాయిన పక్కనే పిల్లవాడు నిలబడి ఉన్నాడు. నాలుగో తరగతి. 'పుస్తకం' చూపిస్తే 'పుసకం' అంటాడు. ప, వ, ష తారుమారు. అదే పిల్లవాడు ఎనుమాముల మార్కెట్లో పత్తికి ఎంత రావాలో నోటి లెక్కతో చెప్పేస్తాడట. ఇది కూడా ఆ నాయినే చెప్పాడు, గొప్పగా!

తెలుగులో గుడి తలమీద ఉంటుంది, ఒత్తు కింద ఉంటుంది. 'స్త్రీ' ఒక్క అక్షరమే, అందులో మూడు హల్లులు, ఒక అచ్చు. డిస్లెక్సియా (చదవడంలో వచ్చే ఇబ్బంది) ఉన్న పిల్లలకు మాటను ధ్వనులుగా విడగొట్టి, ఏ ధ్వనికి ఏ గుర్తో కలుపుకోవడం కష్టం. అది తెలివి తక్కువ కావడం కాదు. ఒకటి, రెండు తరగతుల్లో అందరూ తడబడతారు. సరిగ్గా నేర్పినా మూడు, నాలుగుకు వచ్చేసరికి మారకపోతే అప్పుడు అనుమానించాలి. దానికన్నా ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించాలి.

నేను ఒత్తును వేరే రంగు చాక్‌పీస్‌తో రాస్తాను. ఇసుక పళ్లెంలో వేలితో దిద్దిస్తూ ధ్వనిని పైకి పలికిస్తాను. చప్పట్లు కొడుతూ మాటను విడగొట్టిస్తాను. రోజుకు ఒక్క ఒత్తు చాలు. తప్పు చదివిన మాటను యాభైసార్లు ఇంపోజిషన్ రాయిస్తే చేతికి నొప్పి తప్ప ఏమీ మిగలదు.

అపోహ: ఆ అమ్మాయి చెవికి మిషన్ పెట్టుకుంది కదా, అంతా వినిపిస్తుంది.

వినికిడి యంత్రం శబ్దాన్ని పెంచుతుంది. టీచర్ గొంతుతో పాటు ఫ్యాను, పక్క క్లాసు ఎక్కాలు, రేకుల మీద వాన కూడా పెరుగుతాయి. అందుకే ఆ అమ్మాయి పెదవులు చూస్తుంది. మనమేమో బోర్డు మీద రాస్తూ, వీపు చూపిస్తూ చెప్తుంటాం. మొదటి ఏడాది నేనూ గోడకే పాఠం చెప్పాను. ముందు రాయండి, తర్వాత తిరిగి మాట్లాడండి. వెనక బెంచీ పిల్లవాడు అడిగిన ప్రశ్నను మీరు మళ్లీ ఒకసారి చెప్పండి. ఆమెకు అది అందదు.

అపోహ: ఒక్కరి కోసం ఆగితే మిగతా నలభై మంది వెనకబడతారు.

రంగు ఒత్తులు చూసి ముందు బాగుపడింది ఆ మిగతా పిల్లలే. చింతగింజలతో తీసివేత చేస్తే క్లాసంతా గోల గోల, కానీ లెక్క వస్తుంది. పెన్సిల్ పట్టు దొరకని పిల్లవాడికి పాత సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టి ఇచ్చాం. దానికి ఎవరి టైమూ పోలేదు.

అపోహ: పరీక్షలో ఎక్కువ టైమ్, స్క్రైబ్ (పిల్లలు చెప్తే రాసిపెట్టే మనిషి) ఇవ్వడం జాలితో.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లో ఇవి రాసే ఉన్నాయి. రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు కూడా అందులోనే ఉంది. 1995 చట్టం ఏడు వైకల్యాలనే గుర్తించింది. కొత్త చట్టంలో అవి 21 అయ్యాయి, డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు కూడా చేరాయి.

అపోహ: వీళ్లకు వేరే బడే దిక్కు.

40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. దగ్గరి బడా, ప్రత్యేక పాఠశాలా అన్న ఎంపిక పిల్లలదే. హెడ్మాస్టర్‌ది కాదు.

అపోహ: వైకల్యం సర్టిఫికెట్ లేకపోతే ఏమీ చేయలేం.

పథకాలకు, పరీక్ష రాయితీలకు కాగితం కావాలి, నిజమే. ముందు బెంచీలో కూర్చోబెట్టడానికి, ప్రశ్నను నోటితో అడగడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. "సర్టిఫికెట్ తీసుకుంటే రేపు పెండ్లికి అడ్డం" అనే తల్లులతో మాత్రం నేను వాదించను. రెండు మూడుసార్లు ఇంటికి పోయి చాయ్ తాగి వస్తాను.

మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో ఎమ్మార్సీలో (మండల వనరుల కేంద్రంలో) అడగండి. వచ్చేటప్పుడు ప్రోగ్రెస్ కార్డు కన్నా పిల్లవాడు రాసిన నోట్‌బుక్ తెండి. ఎర్ర ఇంకుతో కొట్టేసిన పేజీలు చింపకండి, నేను మొదట చూసేవి అవే.