నొప్పి డైరీ యాప్‌లు: అపోహలు - వాస్తవాలు

మూడు నెలలు దాటినా వదలని నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటాం. అలాంటి నొప్పితో ఫిజియోథెరపీకి వచ్చేవాళ్ళకు ఫోన్‌లో నొప్పి డైరీ పెట్టుకోమని చెబుతుంటాను. అప్పుడు తరచుగా వినిపించే మాటలివి.

అపోహ: నా నొప్పి నాకు తెలియదా, రాసుకోవడం ఎందుకు?

వాస్తవం: నొప్పి తెలుస్తుంది, కానీ దాని తీరు గుర్తుండదు. నెలంతా ఎలా ఉందంటే బాగా బాధపెట్టిన రోజూ, నిన్నా మొన్నా మాత్రమే గుర్తొస్తాయి. కుట్టుపని చేసే ఒకావిడ "రోజూ ఒకేలా ఉంటుంది మేడం" అనేవారు. నొప్పికి 0 నుంచి 10 లోపు ఒక అంకె, అప్పుడు చేస్తున్న పని, ఈ రెండూ రోజుకు మూడుసార్లు యాప్‌లో పెట్టమన్నాను. మూడు వారాలయ్యాక ఇద్దరం కూర్చుని గ్రాఫ్ చూశాం. మామూలుగా 4, 5 ఉండే అంకె సోమ, మంగళవారాల్లో 8కి ఎక్కుతోంది. ఆదివారం నడుం కాస్త తేలిగ్గా ఉందని దుప్పట్లు ఉతకడం, ఇల్లు కడగడం, మిగిలిపోయిన జాకెట్లు కుట్టడం అన్నీ ఒక్కరోజే చేసేస్తున్నారు! ఆ పనులను మూడు రోజులకు పంచాం. మిషన్ దగ్గర ప్రతి 20 నిమిషాలకు లేవడానికి ఫోన్‌లో అలారం పెట్టాం. నొప్పి పూర్తిగా పోలేదు. సోమవారం మంచం దిగలేకపోవడం మాత్రం పోయింది.

అపోహ: మబ్బు పడితే నొప్పులు పెరగడం ఉత్త భ్రమ.

వాస్తవం: బ్రిటన్‌లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు యాప్ ద్వారా వేలమంది రోజువారీ నొప్పిని వాతావరణంతో పోల్చి చూసి, 2019లో ఫలితాలు ప్రచురించారు. గాలిలో తేమ, ఈదురుగాలి పెరిగినప్పుడు, పీడనం తగ్గినప్పుడు నొప్పి కొద్దిగా ఎక్కువైంది. తేడా చిన్నదే. అది అక్కడి వాతావరణం. మన ఉక్కపోతలో మీ మోకాలి సంగతి మీ డైరీలోనే చూడాలి.

అపోహ: యాప్ ఉంటే ఇక మనిషితో పనిలేదు.

వాస్తవం: అమెరికాలో మాజీ సైనికులకు చికిత్స చేసే చోట 278 మందితో జరిగిన పరిశోధన 2022లో వచ్చింది. రోగి నడక, ఫోన్‌లో ఇచ్చిన జవాబులు చూసి, ఈ వారం థెరపిస్టుతో (ఇక్కడ ఫిజియోథెరపిస్టు కాదు, నొప్పిని తట్టుకోవడం మాటల ద్వారా నేర్పేవారు) 45 నిమిషాల కాల్ కావాలా, 15 నిమిషాలు చాలా, రికార్డు చేసిన సందేశం సరిపోతుందా అని కృత్రిమ మేధ నిర్ణయించేది. ఫలితం ప్రతివారం 45 నిమిషాలు మాట్లాడినవాళ్ళకు ఏమాత్రం తీసిపోలేదు, థెరపిస్టు సమయం మాత్రం సగానికన్నా తక్కువే పట్టింది. ఇందులో నాకు నచ్చింది ఒకటే: అవసరమైన మనిషికి థెరపిస్టు దొరికారు.

అపోహ: ఎన్నిసార్లు నమోదు చేస్తే అంత మంచిది.

వాస్తవం: గంటగంటకీ అంకె వేస్తే కొందరికి ధ్యాసంతా నొప్పి మీదే ఉండి టెన్షన్ పెరుగుతుంది. అలాంటివాళ్ళను రాత్రికి ఒక్కసారి చాలంటాను. ఎంత నడిచారు, ఎలా నిద్రపోయారు అన్నవి కూడా రాయమంటాను.

గ్రాఫ్ చూసుకుని మందుల మోతాదు మీరే మార్చుకోవద్దు. నడుం నొప్పితో పాటు కాళ్ళలో పట్టు తగ్గినా, మూత్రం ఆగకుండా పోతున్నా, లేక అసలు రాకపోయినా, తొడల మధ్య మొద్దుబారినా డైరీ పక్కన పెట్టేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.