పసుపు మంటను వెంటనే నమ్మకండి

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో చిన్నది అడిగింది కదా, "తాతయ్యా, ఉప్పు నీళ్లు పొంగి స్టవ్ మీద పడితే నీలం మంట పసుపు అయిపోయింది, గ్యాస్ పాడైందా?" అని. అప్పుడు రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను కానీ, ఇది ఫోన్‌లో తేలే విషయం కాదు, కూర్చుని రాయాల్సిందే అనిపించింది. గ్యాస్‌కి ఏం కాలేదమ్మా. ఉప్పంటే సోడియం క్లోరైడ్, అందులోని సోడియం మంటలో పడగానే తన రంగు చూపించింది, అంతే. మంట రంగుని బట్టి అందులో ఏ మూలకం ఉందో పట్టుకోవడానికి పెద్ద క్లాసుల పిల్లలు ల్యాబ్‌లో చేసే జ్వాలా పరీక్షని నువ్వు అనుకోకుండా ఇంట్లోనే చేసేశావు.

అసలు రంగు ఎక్కడి నుంచి వస్తుందంటే, పరమాణువులో ఎలక్ట్రాన్లకి మెట్లలాగా శక్తి స్థాయిలుంటాయి. మంట వేడికి బయటి ఎలక్ట్రాన్ పై మెట్టు ఎక్కుతుంది, కానీ అక్కడ ఎంతోసేపు నిలవలేదు, వెంటనే కిందికి దిగిపోతుంది, దిగుతూ ఆ శక్తిని వెలుగుగా వదిలేస్తుంది. మెట్టు ఎంత ఎత్తో దాన్ని బట్టి రంగు. ఏ రెండు మూలకాల మెట్లూ ఒకేలా ఉండవు కాబట్టి సోడియం 589 నానోమీటర్ల (వెలుగు అల పొడవు అది, ఒక్కో రంగుకి ఒక్కో పొడవు) దగ్గర పసుపు ఇస్తుంది, లిథియం 671 దగ్గర ఎరుపు ఇస్తుంది. (కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం విషయంలో మంటలో పుట్టే చిన్న చిన్న అణువులు కూడా రంగులో చెయ్యి వేస్తాయి, ఆ గొడవ తర్వాత చూసుకుందురుగాని.)

ల్యాబ్‌లో దీనికి ప్లాటినం తీగ వాడతారు. దాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి బన్సెన్ బర్నర్ (ల్యాబ్‌లో వాడే గ్యాస్ పొయ్యి) మంటలో కాల్చాలి, మళ్లీ ముంచాలి, మళ్లీ కాల్చాలి, తీగ పెట్టినా మంట రంగు మారకుండా అయ్యేంత వరకు. విసుగొచ్చే పనే, కానీ పరీక్షలో సగం ఇదే. తర్వాత వాచ్ గ్లాస్ అనే చిన్న గాజు పళ్లెంలో లవణాన్ని రెండు చుక్కల ఆమ్లంతో పేస్టులా కలిపి తీగ కొసకి అంటించి మంట అంచున పెడతారు. ఆమ్లం ఎందుకంటే, క్లోరైడ్లు తేలిగ్గా ఆవిరవుతాయి, ఆవిరైతేనే రంగు బాగా కనబడుతుంది. కాల్షియం ఇటుక ఎరుపు, స్ట్రాన్షియం ముదురు ఎరుపు, రాగి నీలం కలిసిన పచ్చ, పొటాషియం లేత ఊదా. బేరియం యాపిల్ పచ్చ, అది కాస్త బద్ధకస్తుడు, తీగని కొంచెం ఎక్కువసేపు పట్టుకోవాలి. ఇనుము, మెగ్నీషియం లాంటి వాటికి ఈ పరీక్ష పెద్దగా పనికిరాదు.

ఇప్పుడు నా పరువు పోయిన కథ. కాలేజీలో నాకో తెలియని లవణం ఇచ్చారు. మంటలో పెట్టగానే భగ్గుమని పసుపు. రెండో ఆలోచన లేకుండా సోడియం అని రాసేశా. సార్ నా కాగితం చూసి ఏమీ అనలేదు, తీగ చేతికిచ్చి, "ఏమీ అంటించకుండా కాల్చు" అన్నారు. కాల్చాను. అప్పుడూ పసుపే! తీగని నా వేళ్లతో పట్టుకుని సర్దినప్పుడు అంటిన చెమట అది. లవణం పొటాషియం క్లోరైడ్ అట. సార్ ఒక ముదురు నీలం గాజుముక్క ఇచ్చి, అందులోంచి చూడమన్నారు. కోబాల్ట్ కలిపిన గాజు. అది సోడియం పసుపుని మింగేస్తుంది, అంతవరకూ ఆ పసుపు కింద దాక్కున్న ఊదా మంట తేటగా కనబడింది. అప్పటి నుంచి పసుపు మంట కనబడితే ముందు నా వేళ్లనే అనుమానిస్తాను.

సోడియం ఎంత అల్లరిదో బన్సెన్, కిర్కాఫ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1860 ప్రాంతంలో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో చూపించారు. ఒక పెద్ద గదిలో ఓ మూల 3 మిల్లీగ్రాముల సోడియం క్లోరేట్‌ని పేల్చి, దూరంగా వేరే మూల పెట్టిన మంటని చూస్తూ కూర్చున్నారు. కొన్ని నిమిషాలకి ఆ మంట కూడా పసుపెక్కింది. లెక్క వేస్తే ఒక మిల్లీగ్రాములో ముప్ఫై లక్షల వంతు కన్నా తక్కువ సోడియం కూడా దొరికిపోతోందని తేలింది. ఇంక వేలి చెమట ఎంత!

కంటికి రంగులన్నీ కలిసిపోయి కనబడతాయి కాబట్టి, ఆ వెలుగుని పట్టకంలోంచి (ప్రిజం) పంపి రంగులుగా విడదీస్తే సరి అన్నది కిర్కాఫ్ ఆలోచన. అప్పుడు సోడియం తన పసుపు గీత దగ్గర, పొటాషియం తన గీతల దగ్గర, ఎవరి చోట వాళ్లు నిలబడతారు, ఒకరినొకరు కప్పేసుకోరు. 1860లో ఒక ఊటనీటి లవణాల్లో ఎవరికీ తెలియని నీలం గీతలు కనబడ్డాయి. బన్సెన్ దాదాపు 40 టన్నుల నీళ్లు మరిగించి కొద్ది గ్రాముల కొత్త పదార్థం తీశాడు. ఆకాశనీలం అనే అర్థం వచ్చే లాటిన్ మాట మీద దానికి సీసియం అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది ముదురు ఎరుపు గీతలతో రుబీడియం దొరికింది. నాకు బాగా నచ్చేది మాత్రం 1863 నాటి కథ: రైఖ్ అనే ఆయనకి రంగులు సరిగ్గా కనబడవు, అందుకని గీతలు చూసే పని తన సహాయకుడు రిక్టర్‌కి అప్పగించాడు, ఆ రిక్టర్‌కి నీలిమందు రంగు గీత కనబడి ఇండియం అనే కొత్త మూలకం బయటపడింది. రంగు కనబడని మనిషి రంగుని బట్టి మూలకాన్ని పట్టుకోవడం, చూడండి మరి!

ఒకటి గట్టిగా చెబుతున్నా. వీడియోల్లో మెథనాల్ (తేలిగ్గా అంటుకునే ఒక రకం ఆల్కహాల్) పోసి రంగురంగుల మంటలు చూపిస్తారే, దాని జోలికి వెళ్లొద్దు. మెథనాల్ ఆవిరి ఒక్కసారిగా అంటుకుని పిల్లలు బాగా కాలిన సంఘటనలున్నాయి. దాని బదులు పాత సీడీ ఒకటి వెతికి పెట్టండి. రాత్రి గదిలోని ఎల్ఈడీ బల్బు వెలుగు దాని మీద పడేలా వంచితే రంగులన్నీ పట్టీలా కనబడతాయి. పసుపు రంగు సోడియం వీధి దీపం ఇంకా ఎక్కడైనా ఉంటే దాని వెలుగూ అలాగే చూసి, రెండింటికీ తేడా ఏముందో కాగితం మీద రాసి ఉంచండి. నేనొచ్చేటప్పుడు నా నీలం గాజుముక్క తెస్తాను, స్టవ్ దగ్గర అమ్మని పక్కన పెట్టుకుని ఆ పసుపు మంటని అందులోంచి చూద్దాం.

మీ
తాతయ్య