ముక్కు క్యాన్సర్‌కు శస్త్రచికిత్సా, రేడియేషనా?

ముక్కు లోపలా, దాని చుట్టూ ముఖం ఎముకల్లో ఉండే సైనస్ గదుల్లోనూ పుట్టే క్యాన్సర్లు అరుదు. తల, మెడ భాగాల్లో వచ్చే క్యాన్సర్లన్నిటిలో వీటి వాటా సుమారు 3 నుంచి 5 శాతమే. అయినా వీటి చికిత్స వైద్యులకు కఠిన పరీక్ష, ఎందుకంటే ఇక్కడ సైనస్‌కూ కంటికీ మధ్య కాగితమంత పలుచని ఎముక ఒకటి, ముక్కు పైకప్పుకూ మెదడుకూ మధ్య సన్నని రంధ్రాలున్న ఎముక మరొకటి తప్ప వేరే అడ్డు లేదు. పైగా సైనస్‌లు ఖాళీ గదులు కావడంతో కణితి చాలాకాలం నొప్పి లేకుండానే పెరుగుతుంది. ఒకవైపే ముక్కు దిబ్బడ, అప్పుడప్పుడు రక్తం కనిపించినా పడిశమనో సైనసైటిస్ అనో నెలలు గడిచిపోతాయి.

ఏ చికిత్స ముందన్నది చాలావరకు కణితి పుట్టిన చోటును బట్టి ఉంటుంది. ముక్కు రంధ్రం మొదట్లో, వెంట్రుకలుండే భాగంలో వచ్చిన చిన్న కణితిని కోసి తీస్తే ముక్కు కొనో పక్క రెక్కో పోయే ప్రమాదముంది. అక్కడ రేడియేషన్ ఒక్కటే, కొన్నిచోట్ల ఇరిడియం-192 అనే రేడియోధార్మిక మూలకాన్ని కణితికి ఆనించి ఇచ్చే పద్ధతితో, రోగాన్ని బాగా అదుపు చేస్తూ ముఖం ఆకృతిని కాపాడుతుంది.

లోపలి భాగాల్లో మాత్రం, తీయగలిగిన కణితికి సాధారణంగా శస్త్రచికిత్సే మొదటిది. ముఖం వైపు నుంచీ పుర్రె వైపు నుంచీ ఒకేసారి ప్రవేశించి కణితిని మొత్తంగా తీసే పద్ధతిని 1963లో అమెరికా శస్త్రవైద్యుడు కెచమ్ బృందం వివరించడంతో, అంతకుముందు తాకడానికే జంకిన కణితులు కూడా శస్త్రచికిత్స పరిధిలోకి వచ్చాయి. ఇప్పుడు అనుకూలమైన కణితులను ముఖం మీద గాటు లేకుండా ఎండోస్కోప్‌తో నాసికా రంధ్రాల గుండానే తీస్తున్నారు. గాటు కనిపించనంత మాత్రాన అది చిన్న ఆపరేషన్ అని రోగి బంధువులు అనుకోకూడదు; లోపల తీసేది అంతే ఉంటుంది. పైదవడ ఎముక తీయవలసి వస్తే అంగిలిలో ఏర్పడిన ఖాళీని కృత్రిమ పలకతో మూస్తారు. అది లేకపోతే తిన్నది ముక్కులోకి పోతుంది, మాట స్పష్టంగా రాదు.

కణితి పెద్దదైనా, అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగిలినా, గాయం మానాక సుమారు ఆరు వారాల లోపు రేడియేషన్ మొదలుపెడతారు. మామూలుగా 60 నుంచి 66 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలమానం) మోతాదును, రోజుకు 2 గ్రేల చొప్పున వారానికి ఐదు రోజులు ఇస్తారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది: పక్కనే ఉన్న కంటినరం సుమారు 54 గ్రేలు దాటితే చూపుకు ముప్పు మొదలవుతుంది. కణితికి చాలినంత, నరానికి తట్టుకోగలిగినంత మోతాదు అందేలా కిరణాల తీవ్రతను చోటుచోటుకూ మార్చే ఐఎంఆర్‌టీ పద్ధతి అందుకే ఇక్కడ ఎంతో అవసరం. తల మిల్లీమీటరు కూడా కదలకూడదనే రోగి ముఖానికి సరిపడేలా ప్లాస్టిక్ ముసుగు తయారు చేస్తారు. ప్రోటాన్ కిరణాలు నిర్ణీత లోతులో ఆగిపోతాయి కాబట్టి కంటికి, మెదడుకు ఆనుకున్న కణితుల్లో ఉపయోగపడతాయి. 2019 నుంచి చెన్నైలో ఈ చికిత్స అందుతోంది, కానీ ఖర్చు చాలా ఎక్కువ, అందరికీ అవసరమూ లేదు.

కోయడానికి వీలులేని కణితికి రేడియేషన్‌తో పాటు తరచు సిస్‌ప్లాటిన్ అనే కీమోథెరపీ మందు ఇస్తారు. రేడియేషన్ తర్వాత ముక్కులో చెక్కులు కడతాయి, వాసన తగ్గవచ్చు. ఉప్పునీటితో కడుక్కోవడం నెలల తరబడి సాగాలి. పుచ్చిన పళ్లుంటే చికిత్సకు ముందే చూపించుకోవాలి, ఎందుకంటే రేడియేషన్ తగిలిన దవడ ఎముకలో పన్ను పీకితే పుండు మానడం కష్టం.