అన్నం మానేసినా కాంటా ఎందుకు కదలదు: బరువు గురించి నల్లగొండలో రోజూ వినే అపోహలు

"మేడం, అన్నం మానేసి రెండు నెలలైంది, ఒక్క కిలో కూడా తగ్గలేదు."

నల్లగొండలో డైటీషియన్‌గా కూర్చున్నప్పటి నుంచి నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. దానికి నేను వెంటనే అడిగే ప్రశ్న కూడా ఒకటే: "మీ ఇంట్లో నెలకు మంచినూనె ఎన్ని లీటర్లు పడుతుంది?" చాలామంది ముఖం అదోలా పెడతారు, అన్నం గురించి చెబుతుంటే ఈమె నూనె సంగతి అడుగుతుందేంటని. సరే, అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: అన్నం మానేసి జొన్నరొట్టె తింటే బరువు తగ్గుతారు.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన దేశపు ఆహార పదార్థాల పట్టిక ఒకటి అచ్చేసింది. (అందులో శక్తిని కిలోజౌల్స్‌లో ఇచ్చారు, 4.18తో భాగించుకుంటే మనకు తెలిసిన కేలరీలు వస్తాయి.) దాని ప్రకారం 100 గ్రాముల బియ్యంలో సుమారు 355 కేలరీలు, అంతే బరువు జొన్నల్లో సుమారు 335. తేడా అంతే. 60 గ్రాముల పిండితో కొట్టిన రొట్టె ఒక్కటి 200 కేలరీలు, "జొన్నలే కదా, ఆరోగ్యం కదా" అని మూడు తింటే 600, అంటే దాదాపు 450 గ్రాముల అన్నం తిన్నట్టు లెక్క. జొన్నను తక్కువ చేసి మాట్లాడటం లేదు, దాంట్లో పీచు ఎక్కువ, నమలాలి, కడుపు నిండినట్టు ఉంటుంది, రెండు రొట్టెలతో ఆగగలిగితే అన్నం కంటే సులువుగా గడుస్తుంది. కానీ రొట్టె పక్కన ఆలుగడ్డ వేపుడు నూనెలో తేలుతుంటే ఆ లాభం అక్కడే పోతుంది.

ఇక నూనె. నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్లు అయిపోతుందంటే మనిషికి రోజుకు 40 మిల్లీలీటర్ల పైనే, అంటే 340 కేలరీలు. దాన్ని 3 లీటర్లకు తెస్తే 205. రోజుకు 135 తేడా, నెలకు 4,000 కేలరీలు, అంటే అర కిలో కొవ్వు, ఒక్క ముద్ద అన్నం కూడా మానకుండా. నూనె ఏ బ్రాండ్, గానుగదా రిఫైండా అని అరగంట వాదించే అన్నలున్నారు, వాళ్లకు నేను చెప్పేది ఒకటే, ఏదైనా గ్రాముకు 9 కేలరీలే. సీసా ఎత్తి నేరుగా మూకుడులో వంచే అలవాటు మానేసి చెంచాతో పోయండి. పల్లీల విషయంలోనూ ఇంతే. మన పాలమూరు వైపు పల్లి లేని చట్నీ ఉండదు, పల్లి మంచిదే, ప్రొటీన్ ఉంటుంది, కానీ 30 గ్రాముల గుప్పెడు 150 కేలరీలు, టీవీ ముందు కూర్చుంటే గుప్పెడుతో ఎవరూ ఆగరు.

అపోహ: ఎత్తుకు తగ్గ బరువు చార్టులో ఎంత ఉందో అంతకు రావాల్సిందే, లేదంటే తగ్గనట్టే.

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా దగ్గర మధ్యలో మానేసినవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే మానేశారు. దేవరకొండ వైపు నుంచి ఒక అక్క వచ్చింది. 42 ఏళ్లు, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 78. "ఎంతకు రావాలనుకుంటున్నావక్కా" అంటే "పెళ్లప్పుడు 48 ఉండేదాన్ని మేడం" అంది. ఇరవై రెండేళ్ల కింద, ముగ్గురు పిల్లలు పుట్టకముందు మాట అది. భారతీయులకు పెట్టిన హద్దు ప్రకారం బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది) 23 లోపు ఉండాలి, ఆమె ఎత్తుకు అది 55 కిలోలు. అంటే 48 అయినా 55 అయినా ఆమెకు ఇప్పుడు కొండంత దూరం. నేను కాగితం మీద 70 అని రాసిచ్చాను. ఆమెకు నచ్చలేదు, ముఖంలోనే తెలిసింది.

70 ఎందుకంటే, ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితేనే షుగర్, బీపీ, రక్తంలో కొవ్వులు మెరుగవడం మొదలవుతుంది. దానికి 55 దాకా ఆగక్కర్లేదు. లెక్క ఇలా ఉంటుంది: మిఫ్లిన్-సెయింట్ జియోర్ అని 1990లో వచ్చిన సూత్రం ప్రకారం ఆమె ఏ పనీ చేయకుండా పడుకున్నా శరీరానికి రోజుకు దాదాపు 1,380 కేలరీలు కావాలి, ఇంటి పని, కాస్త నడక కలిపితే 1,900. ఆమెను 1,450 తినమన్నాను. రోజుకు 450 లోటు. కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు కాబట్టి వారానికి 400 గ్రాములు. ఎనిమిది కిలోలకు కాగితం మీద నాలుగున్నర నెలలు, నిజానికి ఆరు నెలలు అనుకోవాలి, ఎందుకంటే మనిషి తగ్గేకొద్దీ ఖర్చూ తగ్గుతుంది: 70 కిలోల మనిషికి 1,900 కాదు, 1,790 చాలు. అందుకే మూడో నాలుగో నెలలో వేగం తగ్గుతుంది, అది మీ తప్పు కాదు, ఎవరూ దిష్టి పెట్టలేదు. 70 దగ్గర ఒక రెండు నెలలు నిలబడి, పండక్కి పబ్బానికి తిని కూడా అక్కడే ఉండగలిగితే, అప్పుడు 65 గురించి మాట్లాడుకుందాం. ఆ అక్క ఇప్పుడు 71. రెండేళ్లుగా 71. నా లెక్కలో ఆమె గెలిచింది, ఆమె లెక్కలో ఇంకా ఒక కిలో బాకీ.

అపోహ: కేలరీలు లెక్కపెట్టడం అంటే జీవితాంతం ఫోన్ పట్టుకుని కూర్చోవడం.

కాదు. మూడు నాలుగు వారాలు. వంటింటి కాంటా చిన్నది ఒకటి కొనుక్కుని మీ ఇంట్లో మీరు వడ్డించే గంటెడు అన్నం ఎంతుందో ఒకసారి తూచండి. మా ఇంటి గంటె 90 గ్రాములు, అంటే 115, 120 కేలరీలు. ఇక ప్రతిపూటా తూచాల్సిన పని లేదు, రెండు గంటెలా మూడా అన్నదే లెక్క. యాప్‌లో "ఒక కప్పు" అని ఉంటే నమ్మకండి, వాళ్ల కప్పు మన కప్పు కాదు. అందరూ చేసే తప్పు ఇంకోటి: 100 గ్రాముల బియ్యం వండితే 270 గ్రాములకు పైనే అన్నం అవుతుంది, వండిన అన్నం తూచి యాప్‌లో "బియ్యం" అని కొట్టేస్తారు, లెక్క మూడింతలు వచ్చి భయపడిపోతారు. తిరగేసి కొట్టేవాళ్లూ ఉన్నారు, వాళ్లు తక్కువ తింటున్నామనుకుని సంబరపడతారు.

లెక్కలోకి రానివి వేరే ఉన్నాయి. పిల్లల పళ్లెంలో మిగిలిన నాలుగు ముద్దలు పారేయబుద్ధి కాక తల్లి తినేస్తుంది, దాన్ని ఎవరూ రాయరు. షాపులో వచ్చిపోయేవాళ్లతో తాగే ఐదు చాయ్‌లు రాయరు, ఒక్కో దాంట్లో రెండు చెంచాల చక్కెర వేస్తే 40 కేలరీలు, పాలు వేరే. ఆదివారం మందు అసలే రాయరు. ఆల్కహాల్ గ్రాముకు 7 కేలరీలు, పక్కన పెట్టుకున్న మిర్చీలు, బోటి ఫ్రై దానికి అదనం.

మొదట్లో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. కొత్తలో అందరికీ ఓట్స్, బ్రోకలీ, గ్రీన్ టీ ఉన్న అచ్చు చార్టు చేతిలో పెట్టేదాన్ని. హాలియా దగ్గరి ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన దాన్ని చదివించుకుని "అమ్మా, ఇవి మా ఊళ్లో ఏ చెట్టుకు కాస్తయి" అని అడిగాడు. అప్పటి నుంచి చార్టు మానేశాను. పచ్చిపులుసు, పప్పు, తోటకూర, కోడిగుడ్డు, చేప, చల్ల, వీటితోనే 1,450 బ్రహ్మాండంగా కుదురుతుంది. ప్రతి పూటా పప్పో గుడ్డో మాంసమో ఉండాలి, అంతే నా షరతు, లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది.

అపోహ: 800 కేలరీలే తింటే రెండింతల వేగంగా తగ్గొచ్చు.

మొదటి వారం మూడు కిలోలు పోతాయి, నిజమే. అందులో ఎక్కువ నీళ్లే. కండరాల్లో, కాలేయంలో శరీరం దాచుకున్న గ్లైకోజెన్ (చక్కెర నిల్వ) తన బరువుకు మూడింతల నీటిని పట్టుకుని ఉంటుంది, అది ఖర్చయితే నీరూ పోతుంది, తిరిగి రెండు రోజులు మామూలుగా తింటే నీరూ వచ్చేస్తుంది. వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ముప్పు పెరుగుతుంది, రెండు మూడు నెలల తర్వాత జుట్టు ఊడటం మొదలవుతుంది. అప్పుడు షాంపూని తిడతారు.

ఇదే లెక్క తిరగేసి చూడండి. దసరాకు యాట కోసి, బగారా అన్నంతో దావత్ చేసుకున్న మర్నాడు కాంటా రెండు కిలోలు ఎక్కువ చూపిస్తుంది, "అంతా పాయె" అని ఫోన్ చేస్తారు. రెండు కిలోల కొవ్వు పట్టాలంటే అవసరానికి పైన 15,400 కేలరీలు తినాలి, ఒక్క రోజులో ఎవరి వల్లా కాదు. అది ఉప్పు, నీరు, ఇంకా కడుపులోనే ఉన్న తిండి. మూడు నాలుగు రోజుల్లో దిగిపోతుంది. ఆడవాళ్లకు నెలసరి ముందు కూడా ఇంతే. పొద్దున్నే, కడుపు ఖాళీ అయ్యాక తూచుకోండి, వారం సగటు చూడండి. సంక్రాంతికి సకినాలు వద్దని నేను ఎవరికీ చెప్పను, ఆ వారం తగ్గకపోయినా పర్లేదు, పెరగకుంటే చాలు.

అపోహ: రోజుకు పదివేల అడుగులు నడవకపోతే తగ్గరు.

ఆ పదివేలు 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మడానికి పెట్టిన పేరు నుంచి వచ్చింది. నడక గుండెకు మంచిది, నిద్రకు మంచిది, నడవండి. కానీ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో గంట నడిస్తే 250 కేలరీలు ఖర్చు, బయటికొచ్చి తింటే నాలుగు మిర్చి బజ్జీల్లో అది తిరిగి వస్తుంది. పైగా మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఎన్నో ఏళ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లు ఉన్నారు, నడుము వంగదు, మోకాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. వాళ్లను నడవమంటే ఎలా? పళ్లెంలోనే లోటు తేవాలి. తగ్గిన ప్రతి కిలో ఆ మోకాళ్లకు కొంత ఊరట.

చిన్నవి రెండు. తేనె, నిమ్మరసం కొవ్వును కరిగించవు, పెద్ద చెంచా తేనె 60 కేలరీలు, అంతే. థైరాయిడ్ తక్కువగా ఉంటే బరువు పెరిగేది సాధారణంగా రెండు నుంచి ఐదు కిలోలు, అందులోనూ చాలావరకు ఉప్పు, నీరు. మాత్ర సరిగ్గా వేసుకుంటూ టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే హార్మోన్) అదుపులో ఉంటే మిగతా ఇరవై కిలోలకు కారణం వేరే వెతకాలి.

లెక్క జోలికి వెళ్లకూడనివాళ్లూ ఉన్నారు: గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, తిండి గురించిన ఆలోచనలతోనే రోజంతా సతమతమయ్యేవాళ్లు. ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్లు తిండి తగ్గించే ముందే డాక్టర్‌తో మాట్లాడి డోసు చూపించుకోవాలి, లేకపోతే షుగర్ పడిపోతుంది, అది బరువు కంటే ప్రమాదం.

ఇక నా దగ్గరికి వచ్చేవాళ్లు రక్తపరీక్షల కాగితాలు ఎలాగూ తెస్తారు. వాటితో పాటు మీ ఇంట్లో అన్నం వడ్డించే గంటె కూడా సంచిలో వేసుకుని రండి.