‘లోపలేసినారు’ అంటే శిక్ష పడినట్టేనా? అపోహలు - వాస్తవాలు

చిత్తూరు, తిరుపతి కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూస్తుంటాను. మా వైపు ‘వాణ్ణి లోపలేసినారు’ అంటే స్టేషన్‌లో పెట్టినా, రిమాండ్‌కి పంపినా, శిక్ష పడినా అదే మాట. ఈ మూడూ వేరని తెలియకే చాలా కుటుంబాలు నలిగిపోతున్నాయి.

అపోహ: జైలుకి పోయాడంటే నేరం రుజువైనట్టే.

కానే కాదు. అరెస్టు చేశాక, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణమే చెబుతోంది. అక్కడి నుంచి జైలుకి పంపితే అది రిమాండ్. సాక్షులను ఇంకా విచారించనే లేదు. అతను ముద్దాయే గానీ దోషి కాదు. పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒకమ్మ కోర్టు వరండాలో నా చెయ్యి పట్టుకుని, "ఎన్నేండ్లు ఏసినారు సార్?" అని ఏడ్చింది. కొడుక్కి అప్పుడే 14 రోజుల రిమాండ్ ఇచ్చారు. "శిక్ష కాదమ్మా, బెయిల్‌కి వేస్తున్నాం" అని పదేపదే చెప్పాక గానీ చేతిలోని క్యారియర్ కింద పెట్టలేదు.

అపోహ: రిమాండ్‌ని ఎన్నాళ్లయినా పొడిగిస్తూ పోవచ్చు.

దర్యాప్తుకి గడువుంది. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు లేదా అంతకు మించిన జైలుశిక్ష ఉన్న నేరాలకు 90 రోజులు, మిగతావాటికి 60. గంజాయి 20 కిలోలు దాటిన కేసుల్లో 180. ఆలోగా చార్జిషీటు (దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టులో వేసే నివేదిక) పడకపోతే బెయిల్ హక్కవుతుంది. ఈ నియమం పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 167వ సెక్షన్‌లో ఉండేది; 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్)లో 187 అయింది. అయితే ఇది దానంతటదే రాదు. గడువు దాటిన వెంటనే, చార్జిషీటు పడకముందే పిటిషన్ వేయాలి. ఈ ఒక్కరోజు తేడాతో హక్కు పోగొట్టుకున్న వాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. తేదీ రాసిపెట్టుకోండి.

అపోహ: జైల్లో పగలొక రోజు, రాత్రొక రోజు లెక్క.

అలాంటి లెక్క చట్టంలో లేదు. రిమాండ్‌లో గడిపిన రోజుల్ని మాత్రం తర్వాత పడే శిక్షలోంచి తీసేస్తారు.

అపోహ: యావజ్జీవం అంటే 14 ఏళ్లే.

యావజ్జీవం అంటే బతికినంత కాలం. కొన్ని కేసుల్లో ప్రభుత్వం శిక్ష తగ్గించాలన్నా కనీసం 14 ఏళ్లు జైల్లో ఉండాలన్న నిబంధన నుంచి పుట్టిందీ అపోహ.

అపోహ: లాయర్‌కి డబ్బుల్లేకపోతే అంతే సంగతులు.

కస్టడీలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కిది. దగ్గర్లోని కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఎక్కడో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి.